పక్కింటి తమిళమ్మాయి చదువు: వాళ్ళమ్మకి ఎలా చెప్పను?

యానాం పిన్ని:
మా పక్క వాటాలో కారైకాల్ నుంచి బదిలీ మీద వచ్చిన తమిళ ముస్లిం కుటుంబం ఉంది. యానాం పుదుచ్చేరి కిందే కదా, గవర్నమెంటు ఉద్యోగులు అటూ ఇటూ మారుతూనే ఉంటారు. ఆవిడ నన్ను గోడ మీంచి "అక్కా" అని పిలుస్తుంది. రంజాన్ నెలలో మా చెట్టు కొబ్బరికాయలిస్తే, ఆ పాలు పోసి కాచిన నోంబు కంజి, అదే ఉపవాసం విడిచేటప్పుడు తాగే గంజి, సాయంత్రానికల్లా క్యారేజీలో మా ఇంటికి వచ్చేస్తుంది.

వాళ్ళ పెద్దమ్మాయికి ప్లస్ టూ అయింది. కాకినాడలో బీఫార్మసీ చదువుతానంటోంది. తండ్రి సరే అన్నాడు, తల్లే ససేమిరా అంటోంది. "ఊళ్ళో దాని పేర ఇల్లు రాసేశాం అక్కా. మాలో పెళ్ళయ్యాక అల్లుడే మా ఇంటికొస్తాడు. ఇల్లున్న పిల్లకి ఉద్యోగం దేనికి? రోజూ బస్సెక్కి తిరిగితే సంబంధాలవాళ్ళు ఏమనుకుంటారు?" అంటుంది. ఇక్కడి డిగ్రీ కాలేజీలో అయితే చేర్పిస్తుందట.

గట్టిగా చెబుదామంటే నాకు నోరెక్కడిది? మా అమ్మాయికి ఇంటర్ అవగానే పెళ్ళి చేశాం. పసుపుకుంకాల కింద యాభై సెంట్ల కొబ్బరితోట ఇచ్చాం. కాయలు దింపి అమ్మిన డబ్బులు, ఆ దింపు డబ్బులు, ఈరోజుకీ అల్లుడి చేతికే పోతాయి.

గౌతమి గట్టు:
నేను తమిళనాడు తీరంలో తమిళ ముస్లింలు ఎక్కువగా ఉండే కీళక్కరైలో ఆరేళ్ళు పనిచేశాను. అక్కడా, అలాంటి ఊరే అయిన కాయల్‌పట్నంలోనూ ఇల్లు ఆడపిల్లదే. మగవాళ్ళు వ్యాపారాలకి ఊళ్ళు పట్టుకుని పోతే ఇల్లు నడిపేది ఆడవాళ్ళే. అయినా బయటి పని అనేసరికి వెనకాడేవారు. 1988లో కీళక్కరైలోనే ఆడపిల్లల కాలేజీ పెట్టారు. గుమ్మం దగ్గరికే వచ్చేసరికి చాలామంది తల్లులు కాదనలేకపోయారు. మీ పక్కింటావిడ బెంగంతా బస్సు దగ్గరే ఉన్నట్టుంది, ముందు అది చూడండి.

కోనసీమ కుర్రోడు:
మతం విషయాల్లో మనమెందుకు పిన్నిగారూ?

యానాం పిన్ని:
ఆవిడ ఒక్కసారి కూడా మతం పేరెత్తలేదు బాబూ. సంబంధాలు అంది. ఆ మాట మా అత్తగారి నోట నేను ఎన్నిసార్లు విన్నానో.

అరుగు:
తిరుచ్చి జిల్లా తువరంకురిచ్చి సల్మా గురించి చెప్పండి ఆవిడకి. సల్మాదీ తమిళ ముస్లిం కుటుంబమే. తొమ్మిదో తరగతితో బడి మాన్పించారు, చాటుగా కవిత్వం రాసుకుంది. 2001లో పంచాయతీ సీటు ఆడవాళ్ళకి రిజర్వ్ అయింది. భర్త నిలబడదామనుకున్న చోట ఈవిడ నిలబడి ప్రెసిడెంట్ అయింది. ఇంట్లోవాళ్ళ మనసు మారేదాకా ఆగి ఉంటే ఇంకా వంటింట్లోనే ఉండేది.

యానాం పిన్ని:
సల్మా కథ చెప్పాను. ఆవిడ వింటూ వింటూ "మరి పిల్లల్ని ఎవరు చూశారు?" అంది! తీసిపారేసే ప్రశ్న కాదులెండి.

శనివారం తల్లినీ పిల్లనీ తీసుకుని తాళ్ళరేవు మీదుగా కాకినాడ బస్సెక్కుతున్నాను, కాలేజీ గేటు దాకా. మా అమ్మాయిని కూడా రమ్మన్నాను. దింపు డబ్బుల సంగతి దార్లో కదపాలి.