ఇంగ్లీషు అచ్చులు: ఉచ్చారణను తెలుగు లిపిలో రాసుకోవడం మేలా, చేటా?

తలకట్టు: పెద్దవాళ్లకు ఇంగ్లీషు ఉచ్చారణ నేర్పేటప్పుడు కొత్త మాట పక్కన పలికే తీరును తెలుగులో రాసివ్వాలా, లేక అంతర్జాతీయ ధ్వని లిపి గుర్తులే నేర్పాలా? బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణలో అచ్చు ధ్వనులు 20 దాకా లెక్కిస్తారు. వాటిలో 12 ఒంటి అచ్చులు, 8 జంట అచ్చులు. వాటిని రాయడానికి ఇంగ్లీషుకున్న అక్షరాలు ఐదే. అచ్చుల విషయంలో మన లిపే నయం కదా, ఎందుకు సరిపోదంటారు?

వట్రుసుడి: సరిపోదండీ. అక్షరాలు చాలకపోవడం అసలు ఇబ్బంది కాదు. మన లిపి చెవికి హ్రస్వం, దీర్ఘం అనే కొలబద్ద ఇచ్చి కూర్చోబెడుతుంది. ఓడ షిప్, గొర్రె షీప్ అని రాసిస్తే నేర్చుకునేవాడు తేడా అంతా నిడివిలోనే ఉందనుకుంటాడు. ఇంగ్లీషులో నిడివి పక్కనున్న హల్లును బట్టి మారిపోతుంది. బీడ్ (పూస)లో ఈకారం బారుగా ఉంటుంది. బీట్ (కొట్టు)లో చివరి ట వల్ల అదే ఈకారం బాగా కుదించుకుపోయి, బిడ్ (వేలంపాట)లో ఇకారమంత పొట్టిదవుతుంది. అయినా విన్నవాళ్లు బీట్‌ను బిట్ అనుకోరు. నాలుక ఉన్న చోటు వేరు కాబట్టి.

అంకెలు కావాలంటే, 1952లో పీటర్సన్, బార్నీ అనే పరిశోధకులు ప్రచురించిన అమెరికన్ ఉచ్చారణ కొలతలు చూడండి. మగవాళ్ల సగటులో మొదటి ఫార్మంట్ (నోటిలో స్వరం మారుమోగే మొదటి పౌనఃపున్యం) ఈకారానికి 270 హెర్ట్జ్, ఇకారానికి 390, ‘బెడ్’ అచ్చుకు 530, ‘బ్యాడ్’ అచ్చుకు 660. అంకె పెరిగేకొద్దీ నాలుక కిందికి దిగుతుందన్నమాట. ఈ నాలుగు మెట్లలో మన గుడి, గుడిదీర్ఘం ఏ మెట్టు చూపిస్తాయి?

అరసున్న: మెట్లు సరే, గుర్తులతో మాత్రం మెట్లెక్కుతారా? ‘బెడ్’ అచ్చుకు ఒక నిఘంటువు మామూలు రోమన్ అక్షరం వేస్తే, ఇంకొకటి గ్రీకు ఎప్సిలాన్ లాంటిది వేస్తుంది. ధ్వని ఒకటే, గుర్తులు రెండు. కొత్తవాళ్లు ఇక్కడే బెదిరిపోతారు. పైగా గుర్తు చూడగానే నాలుక దానంతటదే దారిన పడదు. తెలిసిన ధ్వని నుంచి తెలియనిదానికి పోవాలి, అందుకు తెలుగే ఆసరా.

‘బ్యాడ్’ అచ్చునే చూడండి. మనకు లేదంటారు గానీ దగ్గరిది ఉంది. ‘మేకు’, ‘మేక’ పక్కపక్కన అనండి. మేకలో చివరి అకారం లాగడం వల్ల ‘మే’ దగ్గర దవడ ఇంకాస్త దిగుతుంది. ఆ రెండో ‘ఏ’ పట్టుకుని, పెదవులు గుండ్రం చేయకుండా దవడ మరికొంచెం దించితే వచ్చేదే ఆ అచ్చు. ఈ పని ఏ గుర్తూ చేయదు.

వట్రుసుడి: మేక ఉపాయం బాగుంది, ఒప్పుకుంటాను. కానీ అది మీరు నోటితో చెప్పిన పాఠం. లిపి ఏం చేస్తోంది? ‘క్యాట్’ అని రాయగానే కంటికి య ఒత్తు కనబడుతుంది. నాలుక ముందు యకారానికి ఎక్కి, అక్కణ్నుంచి ఆకారానికి జారుతుంది. అసలు ధ్వనిలో ఆ ఎక్కడం దిగడం లేనే లేదు. ‘బాల్’, ‘కాల్’, ‘హాల్’ మరీ దారుణం. బ్రిటిష్ ఉచ్చారణలో ఆ అచ్చుకు పెదవులు గుండ్రంగా చుట్టుకోవాలి. మనం రాసే దీర్ఘం నోరు బార్లా తెరిపిస్తుంది. పోనీ ‘బోల్’ అని రాద్దామంటే అది గిన్నె అయిపోతుంది. దేవనాగరిలో దీనికోసం అర్ధచంద్రం పెట్టుకున్నారు, మనం పెట్టుకోలేదు.

కొమ్ముదీర్ఘం: ఇద్దరూ ఊతతో (మాటలో ఒక భాగాన్ని నొక్కి) పలికే అచ్చుల దగ్గరే ఆగిపోయారు. మనవాళ్ల మాట అర్థం కాకుండా పోయేది ఎక్కువగా ఊత లేని అచ్చుల దగ్గర. ‘ఫోటోగ్రాఫ్’, ‘ఫోటోగ్రఫీ’ అని రాస్తాం, రెండింటిలో ‘ఫోటో’ ఒకేలా కనిపిస్తుంది. పలుకులో అలా కాదు. మొదటిదానిలో ఊత ‘ఫో’ మీద, ‘టో’ నలిగిపోయి ‘ట’కు దగ్గరవుతుంది. రెండోదానిలో ఊత రెండో అక్షరం మీదికి వస్తుంది, అప్పుడు మొదటిదే నలిగి ‘ఫ’ అవుతుంది. దాదాపు ‘ఫటాగ్‌రఫి’. ఈ నలిగిన అచ్చే ష్వా, ధ్వని లిపిలో తలకిందులైన చిన్న e అక్షరం. ఇంగ్లీషు మాటల్లో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే అచ్చు అదే. ‘బనానా’లో మొదటిదీ చివరిదీ ష్వాలే. మనం చివర దీర్ఘం పెట్టి దాన్ని నిలబెడుతున్నాం.

అంతర్జాతీయ ధ్వని లిపి (ఐపీఏ) మొత్తం నేర్పకండి. ష్వా గుర్తు, ఊతను చూపే గీత, ఈ రెండు చాలు. మిగతా ధ్వనులకు బ్రిటిష్ ధ్వనిశాస్త్రవేత్త జాన్ వెల్స్ 1982లో ఇచ్చిన 24 మాదిరి పదాల పద్ధతి హాయి. గుర్తుకు బదులు ‘కిట్’ అచ్చు, ‘ఫ్లీస్’ అచ్చు, ‘ట్రాప్’ అచ్చు అని పిలుస్తారు. కొత్త మాట ఏ మాదిరి పదం గుంపులోదో చూసుకుంటే పని అయిపోతుంది, బ్రిటిష్ అయినా అమెరికన్ అయినా.

అరసున్న: ఇది నచ్చింది. అయితే తెలుగులో రాసినా, ఊత ఉన్న అక్షరం కింద గీత గీసి, నలిగే అచ్చు మీద చుక్క పెడితే?

కొమ్ముదీర్ఘం: పెట్టండి, కాకపోతే దీర్ఘాలు తీసేసి పెట్టండి. దీర్ఘం, చుక్క రెండూ ఉంటే కన్ను దీర్ఘాన్నే నమ్ముతుంది.

తలకట్టు: సరిగా పలికామో లేదో తెలిసేదెలా?

వట్రుసుడి: షిప్, షీప్ చెరి పదిసార్లు చీటీల మీద రాసి కలిపేసి, వచ్చిన వరుసలో పలికి రికార్డు చేయండి. మర్నాడు చీటీలు చూడకుండా విని రాయండి, తర్వాత సరిచూసుకోండి. ఇరవైలో పది దగ్గర ఆగితే తేడా ఇంకా రాలేదన్నమాట, బొమ్మాబొరుసూ వేసినా అన్ని వస్తాయి. ఫోను మాట్లాడితే రాసే సౌకర్యాన్ని వాడేటట్టయితే ఒంటి మాటలే చెప్పండి. వాక్యం చెబితే అది సందర్భం చూసి ఊహించేస్తుంది, మీ తప్పు మీకు కనపడదు. ఇంకొకటి, రికార్డు చేసేటప్పుడు నిడివి కావాలని సమానంగా ఉంచండి. అప్పుడు కూడా తేడా వినిపిస్తేనే నాలుక కదిలినట్టు.