నఫానువా మాటలో "సే" నా, "లే" నా?

పాత పుస్తకం: పసిఫిక్‌లోని సమోవా దీవుల యుద్ధదేవత నఫానువా పదవులన్నీ పంచేశాక, ఆలస్యంగా వచ్చిన మాలియెటోవాతో (అది అక్కడి పెద్ద నాయకుడి బిరుదు) అన్నదంటారే, "తాలి ఇ లంగి సే ఆవో ఓ లోఉ మాలో" అని, నీ రాజ్యానికి తలకాయ ఆకాశం నుంచి వస్తుంది ఆగు అని. నాకు "సే ఆవో" అనే గుర్తు, మొన్న ఒకచోట "లే ఆవో" కనిపించింది. ఏది కరెక్టు?

గోదారిగట్టు: సే అయితే ఏదో ఒక తల, లే అయితే ఫలానా తల. 1830లో లండన్ మిషనరీ సొసైటీ పాద్రీ జాన్ విలియమ్స్ ఓడ సమోవాలోని సవాయీ దీవిలో సపపాలీకి రాగానే, అప్పటి మాలియెటోవా, వాయినూపో, ఆ జోస్యం ఫలించింది ఇదే అన్నాడు కదా, ఆ దెబ్బకి జనం నోట్లో సే కాస్తా లే అయ్యుంటుంది. నా థియరీ, ఆధారం అడక్కండి.

వైజాగ్ అల: అసలు పేచీ లంగి దగ్గర. దేవత అన్నది మామూలు ఆకాశం, బైబిల్లోకి వెళ్ళాక అదే పరలోకం. ఆ లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళే 1805లో మా విశాఖలోనూ దిగారు, ఇక్కడా ఉన్న "దేవుడు" అన్న మాటనే తీసుకున్నారు.

నల్లపిల్లి: సమోవాలో దేవుడికి "అతువా" అన్న మాట పైకెక్కింది, ఇంటి దేవతల్ని పిలిచే "ఐతు" కిందికి దిగింది. ఒక్కో ఇంటి ఐతు ఒక్కో జీవిలో ఉండేది, గుడ్లగూబో ఈలుచేపో ఆక్టోపస్సో, ఆ ఇంటివాళ్ళు దాన్ని చచ్చినా తినరు. మతం పుచ్చుకున్నామని చూపించడానికి అందరి ముందూ దాన్నే వండుకు తిన్నారు! ఇప్పుడు ఐతు అంటే దయ్యం. మన దయ్యం కూడా దైవానికి తద్భవమేగా.

పాత పుస్తకం: మన దయ్యం దిగజారడానికి మిషనరీలు అక్కర్లేదండీ, ఆ పని మనమే చేసుకున్నాం. సే సంగతి చెప్పండి.

గోదారిగట్టు: ఐతు కంటే పాస్టర్ని పిలిచే మాట చూడండి, "ఫాఅఫెఅగైంగ". ఫెఅగైంగ అంటే అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ మధ్య ఉండే మర్యాద ఒప్పందం, అందులో ఆడపడుచుదే పైచేయి. ఆ పీట మీద పాస్టర్ గారు కూర్చున్నారు, తిండీ ఇల్లూ ఊరే చూసుకుంటుంది. గుడ్లగూబని తినడం దీని ముందు ఎంత?

వైజాగ్ అల: ఇంకోటి, మీ జోస్యంలోని "తాలి"ని సమోవా ఇళ్ళల్లో "కాలి" అంటారు, త పలికేది చర్చిలో, బళ్ళో. ఆ త పలుకుబడినే "మంచి మాట" అని కూడా అంటారు.

నల్లపిల్లి: అతువా అంటే గుర్తొచ్చింది, సమోవాలో వాయేయా కొండ మీద రచయిత స్టీవెన్సన్ సమాధికి బైబిల్లోని రూతు మాటలు సమోవన్లో చెక్కారు, "నీ జనమే నా జనము నీ దేవుడే నా దేవుడు". 1894లో పోయాడు పాపం, నలభైనాలుగేళ్ళకే. ఆయన్ని తుసితాలా అనేవాళ్ళు, కథలు చెప్పేవాడని.

గోదారిగట్టు: రెండో వైపు ఆయన ఇంగ్లీషు పద్యం కూడా ఉంది, అందులో సముద్రం ముందు "ది" అదనంగా చెక్కారు. ఆయన రాసిందాంట్లో లేదు.

వైజాగ్ అల: "ది" ఉంటేనే నడక బావుంది.

గోదారిగట్టు: బావుండడం వేరు, ఆయన రాయడం వేరు. పోతన పద్యంలో ఇలా ఒక అక్షరం ఇరికిస్తే ఊరుకుంటారా?