సమస్య: ఓటికుండ నిండి యొలుకదయ్యె

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నానండి. ఓటికుండలో నీళ్లు నిలవడమే వింత, నిండి కూడా ఒలకలేదట. ఎలాగో ముందు మూడు పాదాలు కట్టి మీరే చెప్పాలి.

లంకవాసి:
వరద నీటిలోన వాకిలి మునుగంగ
గడపదాటి వచ్చె గౌతమమ్మ
లోన బయట నీరె లోటేమి కనరాదు
ఓటికుండ నిండి యొలుకదయ్యె

రాజోలు కోడలు:
పనికిరాదటంచు పారవేయక యవ్వ
యటక మీద వడ్ల నందు దాచె
నీరు గాదు, కారి నేలపాలగుటకు!
ఓటికుండ నిండి యొలుకదయ్యె

కొత్త కుర్రాడు: నాదీ సిద్ధమేనండి. ఓటి అంటే ఓటుకు సంబంధించింది కదా, ఎన్నికల మీద అల్లాను.

నిర్వాహకుడు: లంకవాసి గారూ, ముందు వాకిలి, తర్వాత గడప. వరద ఇంట్లోకొచ్చే వరస కళ్లకు కట్టింది. మునిగిన కుండలోంచి నీరు ఎక్కడికి పోతుంది! "లోటేమి కనరాదు" మాత్రం గణాల కోసం పడ్డట్టుంది. కోడలు గారి మూడో పాదానికి చప్పట్లు. కానీ "అంచున్" ద్రుతాంతం, అంటే చివర న్ ఉన్న మాట; దాని తర్వాత ప బ అవుతుంది గనుక "టంచుఁ బారవేయక" అనాలి. ప-బ యతి, అంటే పాదంలో అక్షరాల పొంతన, ఎలాగూ చెల్లుతుంది.

కుర్రాడు గారూ, ఓటుతో దీనికి చుట్టరికం లేదు. పాత తెలుగులో ఓడు అంటే పగిలిన కుండ, కుండపెంకు. కూడు కూటి అయినట్టు, గూడు గూటి అయినట్టు ఓడు ఓటి అయింది. వ్యాకరణంలో ఇలా వచ్చే "టి"ని ఔపవిభక్తికం అంటారు. తమిళంలో ఈ ఓడు ఇంటిపెంకుకీ, తాబేటి డిప్పకీ, భిక్షాపాత్రకీ వాడుక. మనకు అసలు మాట జారిపోయి, ఓటి ఒక్కటే విశేషణంలా మిగిలింది. ఓటిపడవ అన్నా ఆ చిల్లుకుండ వాసనే. ఓడ వేరే మాట.

లంకవాసి: నేను ఇన్నాళ్లూ ఓటిపడవలో ఉన్నది ఓడే అనుకున్నానండి!

రాజోలు కోడలు: సవరణకు ధన్యవాదాలు గురువుగారూ. మా పెద్దత్తగారిది ఆత్రేయపురం, పూతరేకులు తీస్తారు. సంతలో కుండ కొనేముందు చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో నాలుగు పక్కలా కొడతారు. ఖంగుమంటే బేరం మొదలు. బొదబొదమంటే "ఓటిదే, తియ్యి" అని పక్కన పెట్టేస్తారు. రేకు తీసేది బోర్లించిన కుండ అడుగు మీద కదా, కింద ఎండు కొబ్బరాకు మంట. వెంట్రుకవాసి బీట ఉన్నా తడిగుడ్డతో పిండి పూసినప్పుడు రేకు అక్కడే చిరుగుతుంది. ఆవిడకి ఔపవిభక్తికం తెలీదు, ఓటి మాత్రం చెవికి తెలుసు.

నిర్వాహకుడు: ఇది పద్యం కట్టండమ్మా, వడ్ల కన్నా బాగుంటుంది.

కొత్త కుర్రాడు: ఆయ్, నాది మార్చి రాత్రికి పెడతానండి. "ఓటరు" తీసేస్తే రెండో పాదంలో యతి పోతోంది.