రాతప్రతి చివర ఉన్న పేరు వాగ్గేయకారునిదా, లేఖకునిదా?

ఒక పాత కాగితపు రాతప్రతిలో స్వరసహితంగా ఉన్న 23 తెలుగు కృతులను చదువుతున్నాను. వాటిలో 14 నాకు ఏ అచ్చు సంకలనంలోనూ కనిపించలేదు. వాటన్నిటి చరణాలలోనూ ‘వేణుగోపాల’ అని వస్తోంది గాని, అది దైవనామం కూడా కావడంతో ఒకరి ముద్రగా (వాగ్గేయకారుడు తన గుర్తుగా పాటలో పెట్టుకునే మాటగా) నిర్ణయించలేకపోతున్నాను.

చివరి పుటలో ఒక పేరు, పక్కన ‘వ్రాసినది’ అన్న మాట ఉన్నాయి. తెలుగులో కృతిని రచించడమూ వ్రాయడమే, నకలు తీయడమూ వ్రాయడమే కనుక చిక్కంతా అక్కడే ఉంది. కాలం ‘విక్రమ’ సంవత్సరమని మాత్రమే ఉంది కాబట్టి 1820, 1880, 1940లలో ఏదైనా కావచ్చు.

1904లో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’తో పోల్చి చూశాను. ‘జనతోడి’, ‘శాంతకల్యాణి’ వంటి అసంపూర్ణ మేళ పద్ధతి (మేళరాగంలో ఏడు స్వరాలూ క్రమంగా ఉండనక్కరలేని రాగ వర్గీకరణ) రాగాల పేర్లే ఈ రాతప్రతిలోనూ ఉన్నాయి. దానివల్ల రాసినవారి సంప్రదాయం తెలుస్తోంది గాని కర్త తెలియడం లేదు. దస్తూరీ మొదటినుంచి చివరిదాకా ఒక్కటే. అయితే మూడు కృతులలో మాటలను కొట్టివేసి, ప్రాస చెడకుండా వేరే మాటలు అదే చేతితో పైన రాసి ఉన్నాయి. ఇది నకలులో దొర్లిన తప్పును దిద్దినట్లు నాకు తోచడం లేదు.

రాతప్రతులను పరిష్కరించిన అనుభవం ఉన్నవారిని అడుగుతున్నాను: ఇటువంటి దిద్దుబాటును వాగ్గేయకారుని స్వహస్తమని నిర్ధారించడానికి ఇంకా ఏ ఆధారం కోసం వెతకాలి?