హెమింగ్వే ‘ది సన్ ఆల్సో రైజెస్’ నచ్చింది, కోపమూ వచ్చింది. మీకెలా అనిపించింది?

ప్రశ్న:
1926లో వచ్చిన ఈ నవల మొన్ననే పూర్తి చేశాను. పారిస్‌లో మకాం పెట్టిన కొందరు అమెరికన్లు, ఇంగ్లీషువాళ్లు జులైలో స్పెయిన్‌లోని పాంప్లోనాకి ఎద్దుల పండగ చూడటానికి వెళ్తారు, తాగుతారు, కొట్టుకుంటారు, ఎవరి దారిన వాళ్లు పోతారు. కథంటే ఇంతే. అయినా పుస్తకం కింద పెట్టలేకపోయాను. ముఖ్యంగా కథ చెప్పే జేక్, అతని స్నేహితుడు బిల్ చేపలు పట్టే భాగం, వైన్ సీసాలు ఊట నీళ్లలో చల్లబెట్టుకోవడం, శుభ్రం చేసిన చేపల్ని ఫెర్న్ ఆకుల మధ్య పేర్చడం, అది చదువుతుంటే ఒళ్లంతా తేలికైపోయింది.

కానీ పారిస్‌లో ఉంటూ వీళ్లకి ఒక్క ఫ్రెంచి స్నేహితుడైనా ఉన్నాడా? అక్కడివాళ్లు కనబడేది దాదాపుగా కాఫీ తేవడానికి, టాక్సీ నడపడానికే. పైగా ఆ గుంపులోనే ఉన్న రాబర్ట్ కోన్‌ని యూదుడని అందరూ కలిసి పొడుస్తుంటే చదవడం కష్టమైంది. రచయిత వీళ్లని తప్పుపడుతున్నాడా, ముచ్చటపడుతున్నాడా?

జవాబు:
తప్పుపడుతున్నాడనే నా నమ్మకం అండీ. 17వ అధ్యాయం మళ్లీ చూడండి. పొద్దున ఎద్దుల పరుగులో ఒకతను కొమ్ము దిగి చనిపోతాడు, 28 ఏళ్లు, తఫాయా దగ్గర పొలం, భార్య, ఇద్దరు పిల్లలు. అదే ఎద్దుని మధ్యాహ్నం ఎద్దుల పోటీలో రొమేరో అనే కుర్ర యోధుడు చంపుతాడు, దాని చెవి కోసి అతనికిస్తే, జేక్ ప్రేమించే బ్రెట్‌కి కానుకగా ఇస్తాడు. ఆవిడ దాన్ని హోటల్ గదిలో మంచం పక్క సొరుగులో సిగరెట్ పీకలతోపాటు వదిలేసి వెళ్లిపోతుంది. దీనిమీద రచయిత ఒక్క వ్యాఖ్య కూడా చెయ్యడు, అంతకంటే గట్టిగా ఎలా తిడతాడు?

హోటల్ యజమాని మోంతోయా సంగతీ అంతే. రొమేరోని విదేశీయుల నుంచి ఎలా కాపాడాలని అతను సలహా అడిగింది జేక్‌నే, తర్వాత రొమేరోని బ్రెట్ దగ్గరికి చేర్చిందీ జేకే. జేక్ వాళ్లు వెళ్లేరోజు మోంతోయా దగ్గరికైనా రాడు, బిల్లు పనమ్మాయి తెస్తుంది.

జవాబు:
మోంతోయా విషయంలో ఒప్పుకుంటాను, కోన్ విషయంలో ఒప్పుకోను. బ్రెట్‌ని పెళ్లాడబోయే మైక్, తాగి వాగేవాడు, అతనొక్కడే అంటే పాత్ర స్వభావం అనుకోవచ్చు. కానీ మొదటి అధ్యాయంలోనే జేక్, బాక్సింగ్‌లో దెబ్బ తగిలి కోన్ ముక్కు బాగుపడిందని, యూదుల ముక్కుని ఎగతాళి చేస్తూ రాస్తాడు. కథ చెప్పే గొంతే అలా ఉంటే, దాన్ని విమర్శ అనుకోమని ఎలా చెప్తారు? పైగా కోన్‌కి మూలం హెరాల్డ్ లోబ్, 1925లో హెమింగ్వేతో కలిసి పాంప్లోనా వెళ్లిన మనిషి. తోటివాణ్ణి ఇలా పుస్తకంలో పెట్టడం నాకు మింగుడుపడలేదు.

జవాబు:
డబ్బు సంగతి కూడా చూడాలండీ. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు డాలరుకి సుమారు 5 ఫ్రెంచి ఫ్రాంకులు వచ్చేవి, 1925 నాటికి 20 దాటింది. డాలర్లున్నవాళ్లకి పారిస్ చవకైంది, అందుకే అంతమంది అక్కడికి చేరారు, జేక్ అయినా రోజూ ఆఫీసుకి వెళ్లి పనిచేస్తాడు, మిగతావాళ్లలో చాలామందికి అదీ లేదు. నేను జర్మనీలో ఉంటున్నాను. ఇక్కడ నా స్నేహితులందరూ తెలుగువాళ్లే, పక్కింటావిడతో మాట్లాడేది నమస్కారం వరకే. అందుకని ఆ పారిస్ అధ్యాయాలు నాకు అబద్ధంగా అనిపించలేదు, కొంచెం గుచ్చుకున్నాయి కూడా.

ప్రశ్న అడిగినవారు:
ఆ సొరుగు పేరా ఇప్పుడే మళ్లీ చదివాను, మొదటిసారి గబగబా దాటేశాను. మీరన్నది నిజమే, ఆ చనిపోయినతని మీద రచయితకి పట్టింపు ఉంది. కోన్ గురించి మాత్రం నా అభిప్రాయం మారలేదు.