చింతమాను కింది వీరగల్లు (పోరులో పోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) ఒరిగింది: కనుమ పండగ లోపల నిలపాలి, సిమెంటు వేయొచ్చా?

మడకశిర పల్లె: భూమి పైకి ఐదడుగుల ఎత్తు, రెండున్నర వెడల్పు, అర అడుగు మందం. నల్లరాయి. బొమ్మలు చెక్కిన మూడు అరలు, కింద నాలుగు వరుసల అక్షరాలు. నూనె, పసుపు పేరుకుని ఒక్కటీ కనబడదు. కడిగి సిమెంటు గద్దెలో నిలపాలని పెద్దలు అంటున్నారు. సైన్యంలో ప్రాణాలిచ్చిన మా ఊరి ఇద్దరి పేర్లు కూడా దాని మీదే చెక్కించాలని పిల్లోళ్ల పట్టు. ఎట్లా చేస్తే రాయి చెడదు?

పాతరాయి: పేర్లు మాత్రం దాని మీద వద్దు అన్నా. నూరేళ్లు దాటిన శిల్పం 1972 పురావస్తువుల చట్టం కిందికొస్తుంది. ముందు తహసీల్దారుకు, రాష్ట్ర పురావస్తు శాఖకు ఫోటోలతో అర్జీ పెట్టండి.

కింది అరలో ఆవులున్నాయేమో చూడండి. ఉంటే మందను తోలుకుపోయే దండును అడ్డుకుని ప్రాణాలిడిచిన వీరుడు. నడిమి అరలో అప్సరసలు ఆ వీరుణ్ణి చెరో పక్క పట్టుకుని తీసుకుపోతుంటారు, పై అరలో అతను లింగం ముందు కూర్చుని ఉంటాడు. సూర్యచంద్రులను చెక్కేది ఎందుకంటే, అవి ఉన్నన్నాళ్లూ పేరు నిలవాలని. గాజులతో ఎత్తిన చెయ్యి చెక్కి ఉంటే భార్య సహగమనం చేసినట్టు. మీ దగ్గరి హేమావతి నొళంబ రాజుల రాజధాని కదా, మీ పక్క అక్షరాలు కన్నడవి కావచ్చు. 'తుఱు' అని దొరికితే పశువుల మంద అని అర్థం.

చదవడానికి సుద్ద, సున్నం పూయొద్దు. రాత్రిపూట టార్చిని రాయికి ఆనించినట్టు పక్క నుంచి వేసి, నాలుగు దిక్కుల నుంచీ ఫోటోలు తీయండి. మైసూరులోని కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగానికి పంపొచ్చు.

గుడిపని: కడగడానికి చింతపండు రుద్దితే సరి, ఇత్తడి బిందెల్లాగా మెరుస్తుంది.

నాపరాయి: ఆ సలహా మా జమ్మలమడుగు పక్క పాటిస్తే అక్షరాలే పోతాయి సామీ. నాపరాయి సున్నపురాయి, పులుపు తగిలితే కరుగుతుంది. నల్లరాయిని అంతగా తినకపోయినా పులుపు, యాసిడ్, ఇనుప బ్రష్ ఏ రాయికీ వద్దు. మెత్తటి నైలాన్ బ్రష్, గోరువెచ్చని నీళ్లు, బకెట్‌కు ఒక చెంచా ఘాటు లేని ద్రవసబ్బు. నూనె జిడ్డుకు ముల్తానీ మట్టి ముద్దను అర అంగుళం మందాన మెత్తి, ప్లాస్టిక్ కవరు కప్పి ఒక రోజు ఉంచండి. మొదట రాయి వెనకవైపు అరచేతి మేర చేసి చూడండి. పెచ్చులు లేస్తుంటే ఆపేయండి.

చైన్‌బ్లాక్: ఘనపు అడుగు నల్లరాయి 75 కిలోలు. మీరు చెప్పిన కొలతకు పైభాగమే 470 కిలోలు, భూమిలో ఉన్నది వేరే. పదిమంది చేతులతో లేపితే ఎవరి కాలో పోతుంది. ముక్కాలి, ఒక టన్ను లేపే చైన్‌బ్లాక్ (గొలుసు కప్పీ) తెచ్చుకోండి, తాడు కింద గోనెసంచులు మడిచి పెట్టండి. ఒరిగిన వైపు దూలం ఆనించాకే గుంత తవ్వాలి. చేతిపారతో మెల్లగా, ఎందుకంటే అక్షరాలు మట్టిలోకి కూడా పోయి ఉండొచ్చు.

సిమెంటు వద్దు. దాని వెంట తేమ, ఉప్పు రాయిలోకెక్కి అడుగున పొరలు ఊడతాయి, రేపు తీయాలన్నా విరక్కుండా రాదు. కంకర, గరుసు కలిపి ఆరంగుళాలకొకసారి దిమ్మిసతో కొట్టండి. వాన నీళ్లు బయటికి పోయేలా చుట్టూ వాలు పెట్టండి. నీళ్లు నిలబడే చోట ఎంత బాగా నిలిపినా మళ్లీ ఒరుగుతుంది.

మడకశిర పల్లె: కనుమ పొద్దున పశువులను దాని చుట్టూ తిప్పి, అక్కడే పొంగలి పెడతారు. మాన్పించాలా?

పాతరాయి: మాన్పించడం దేనికి? పశువుల కోసం పోయినవాడికి కనుమ కంటే తగిన రోజేది! పొయ్యి మాత్రం పదడుగుల దూరంలో పెట్టండి, సెగకు నల్లరాయి కూడా పెచ్చులు లేస్తుంది. వీరగల్లు ముందు ఇంకో బండ వేసి, దీపం, కర్పూరం దాని మీద పెట్టండి. నూనె అభిషేకం ఆ బండకే చేయండి. కొమ్ములు రాసుకోకుండా మూడడుగుల అవతల నాలుగు గుంజలు పాతి తాడు కట్టండి.

సైనికులకు పక్కన వేరే పలక. పేరు, హోదా, సైనిక సంఖ్య, రెజిమెంటు, తేదీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సరిచూసుకున్నాకే చెక్కేవాడికి ఇవ్వండి. అక్షరం అంగుళమున్నర కంటే చిన్నదైతే ఒత్తులు పూడిపోతాయి.