సెట్రిజిన్ వేశాక తగ్గిన దద్దుర్లు రాత్రికి మళ్లీ ఎందుకొచ్చాయి? అసలు హిస్టమిన్ ఎక్కడి నుంచి వస్తుంది?

గోదారి_గట్టు అడిగిన ప్రశ్న:

మాది భీమవరం పక్క పల్లె. రొయ్యల చెరువుల మధ్యే పుట్టి పెరిగాం. అలాంటిది మా అన్నయ్యకి నలభై దాటాక, ఈ మధ్య రొయ్యల వేపుడు తిన్న కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు లేచి పై పెదవి వాచిపోయింది. సెట్రిజిన్ వేశాం, మెల్లగా తగ్గింది. రాత్రికి మళ్లీ మొదలు. ఆస్పత్రికి తీసుకెళ్తే ఇంజెక్షన్ చేసి "హిస్టమిన్ వల్ల" అన్నారు, అంతకుమించి ఏం చెప్పలేదు. ఇంట్లో పెద్దవాళ్లేమో వేడి చేసిందంటున్నారు. ఈ హిస్టమిన్ ఒంట్లో ఎక్కడుంటుంది, రొయ్య తింటే అదెందుకు బయటికి రావాలి, ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకు, మాత్ర వేశాక కూడా ఎందుకు తిరగబెట్టింది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

పాథాలజీ_పీజీ:

వేడి చేయడం కాదండీ. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం నుంచి హిస్టమిన్‌ని మన ఒళ్లే తయారుచేసుకుంటుంది. ఎక్కువ భాగం మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాల్లో ఉంటుంది, ఇవి చర్మం, ముక్కు, ఊపిరితిత్తులు, పేగుల గోడల్లో సన్నటి రక్తనాళాల పక్కనే ఉంటాయి. రక్తంలో తిరిగే బేసోఫిల్స్ అనే తెల్లరక్తకణాల్లో కూడా కొంత ఉంటుంది. 1878లో పాల్ ఎర్లిష్ రంగులు వేసి ఈ మాస్ట్ కణాలను గుర్తించినప్పుడు లోపల కిక్కిరిసి కనిపించిన రేణువుల్లోనే హిస్టమిన్, దానితోపాటు హెపారిన్, ట్రిప్టేజ్ లాంటి పదార్థాలు ముందే నిల్వ ఉంటాయి. అప్పటికప్పుడు తయారయ్యే పని లేదు కాబట్టే తిన్న నిమిషాల్లో దద్దుర్లు లేస్తాయి.

ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకు అంటే, రొయ్యలో ట్రోపోమయోసిన్ అనే కండర ప్రోటీన్ ఉంది, వండినా పెద్దగా చెడదు. ఎప్పుడో ఒకప్పుడు యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు దాన్ని శత్రువుగా పొరబడి ఐజీఈ అనే యాంటీబాడీలు చేయడం మొదలుపెడతాయి, ఇది పెద్దయ్యాక కూడా జరగొచ్చు. దాదాపు ఇలాంటి ప్రోటీనే బొద్దింకల్లో, ఇంటి దుమ్ములో ఉండే డస్ట్ మైట్స్‌లో కూడా ఉంది, కాబట్టి కొందరికి అటు నుంచి మొదలై రొయ్య దాకా వస్తుంది. ఐజీఈని 1966లో ఇషిజాకా దంపతులు అమెరికాలో కనిపెట్టారు. మిగతా యాంటీబాడీలతో పోలిస్తే రక్తంలో ఇది చాలా తక్కువ, పోయి మాస్ట్ కణాల మీద గట్టిగా అతుక్కుని కూర్చుంటుంది. అలా కూర్చున్నంతసేపు ఏమీ కాదు, మనిషికి తెలియను కూడా తెలియదు. మళ్లీ రొయ్య తిన్నప్పుడు ఆ ప్రోటీన్ వచ్చి పక్కపక్కన ఉన్న రెండు ఐజీఈలను ఒకేసారి పట్టుకుని దగ్గరికి లాగుతుంది. ఒక్కదాన్ని పట్టుకుంటే చాలదు, రెండూ కలవాలి, మీట అక్కడ పడుతుంది. లోపల సిక్ అనే ఎంజైమ్ మేలుకుని, కణంలో కాల్షియం ఒక్కసారిగా పెరిగి, రేణువులు కణం పొరతో కలిసిపోయి సరుకంతా బయటికి వదిలేస్తాయి. కణం పగిలి చచ్చిపోదు, తర్వాత మెల్లగా మళ్లీ నింపుకుంటుంది, నాకు ఈ మొత్తంలో అన్నిటికంటే ఆశ్చర్యం ఇదే.

బయటికొచ్చిన హిస్టమిన్ కణాల మీద దాన్ని అందుకునే హెచ్1 గ్రాహకాల మీద పనిచేసి రక్తనాళాల గోడలను వదులు చేస్తుంది. నీరు బయటికి ఊరుతుంది, అదే దద్దురు, అదే పెదవి వాపు. నరాల మీద పనిచేస్తే దురద.

ఇక సెట్రిజిన్. అది మాస్ట్ కణాన్ని ఆపదు. బస్సులో కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టు హెచ్1 గ్రాహకాన్ని తను ఆక్రమించుకుంటుంది, అంతే. ఆపాటికే కణం నుంచి హిస్టమిన్ ఒక్కటే కాదు, ప్రోస్టాగ్లాండిన్ డీ2, ల్యూకోట్రైన్లు అనే వాపు కలిగించే రసాయనాలు కూడా తయారై వస్తాయి, కాసేపటికి సైటోకైన్లు అనే సంకేత ప్రోటీన్లు వచ్చి ఇయోసినోఫిల్స్ లాంటి తెల్లరక్తకణాలను పిలుస్తాయి. కొన్ని గంటల తర్వాత వచ్చే రెండో విడతలో వీటి పాత్ర ఎక్కువ, వీటి మీద సెట్రిజిన్ పనిచేయదు. మీ అన్నయ్యకి రాత్రి జరిగింది ఇదే అయ్యుండాలి.

వార్డు_నర్సు:

ఐజీఈ లేకుండా కూడా మాస్ట్ కణాలు ఖాళీ అవుతాయండీ, మా వార్డులో చూస్తుంటాం. వాంకోమైసిన్ అనే యాంటీబయోటిక్ డ్రిప్ వేగంగా ఎక్కిస్తే మెడా ముఖం ఎర్రబడి దురదలొస్తాయి, జీవితంలో మొదటిసారి ఆ మందు తీసుకున్నవాళ్లకి కూడా. ఎమ్ఆర్‌జీపీఆర్‌ఎక్స్2 అనే వేరే గ్రాహకం ద్వారా మందే నేరుగా కణాన్ని కదిలిస్తుందని తేల్చారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే ఇంకో యాంటీబయోటిక్ కూడా ఆ గ్రాహకాన్ని తాకుతుంది. డ్రిప్ నెమ్మది చేస్తే చాలామందికి సర్దుకుంటుంది.

విశాఖ_తీరం:

చేపల విషయంలో ఇంకోటి ఉంది. కానాగంతలు, సూర చేప లాంటివి ఐస్ లేకుండా ఉంచితే బ్యాక్టీరియా చేపలోనే హిస్టిడిన్‌ని హిస్టమిన్‌గా మార్చేస్తాయి, వండినా పోదు. తిన్నవాళ్లందరికీ ఒకేసారి మొహం ఎర్రబడి తలనొప్పి వస్తే అది ఎలర్జీ కాదు, చేప చెడింది. మీ ఇంట్లో అదే వేపుడు తిన్న మిగతావాళ్లకి ఏమన్నా అయిందా?

గోదారి_గట్టు:

లేదండీ, అందరం తిన్నాం, అన్నయ్యకే. అయితే ఇది ఎలర్జీయేనన్నమాట. టెస్టు చేయించేదాకా సెట్రిజిన్ రోజూ వేయొచ్చా? మళ్లీ వస్తే ఏం చేయాలి?

పాథాలజీ_పీజీ:

డాక్టర్‌కి చూపించి రొయ్యకి ప్రత్యేకమైన ఐజీఈ రక్తపరీక్ష అడగండి, దానికి మాత్ర ఆపక్కర్లేదు. చర్మం మీద గుచ్చి చేసే ప్రిక్ టెస్ట్ అయితే కొన్ని రోజుల ముందే ఆపాలి, లేకపోతే ఎలర్జీ ఉన్నా చర్మం మీద ఏమీ లేవదు, ఎన్ని రోజులో వాళ్లే చెప్తారు. అప్పటిదాకా రొయ్యలు, పీతలు ఇంట్లో అన్నయ్య ప్లేటు దగ్గరికి రానివ్వకండి, రొయ్యపొడి వేసిన కూరలు కూడా.

మళ్లీ వచ్చి, ఊపిరాడకపోయినా, గొంతు బిగిసినా, కళ్లు తిరిగి పడిపోతున్నా మాత్ర కోసం చూడొద్దు. అప్పుడు పనిచేసేది తొడ కండరంలోకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. అది నాళాలను బిగించి, శ్వాసనాళాలను తెరిచి, మాస్ట్ కణాల నుంచి ఇంకా వదలకుండా కూడా తగ్గిస్తుంది, సెట్రిజిన్ చేయలేనిది ఇదే. మీ పల్లెకి దగ్గర్లో రాత్రిపూట కూడా అది ఇచ్చే ఆస్పత్రి ఏదో ఇప్పుడే కనుక్కుని ఉంచుకోండి, తగ్గాక వెంటనే ఇంటికి పంపించేస్తామన్నా రెండో విడత సంగతి చెప్పి కొన్ని గంటలు అక్కడే ఉంచమనండి.